మీ నాన్నని మధ్యాహ్నం కోటగోడల దగ్గరికి తీసుకెళ్ళకు

అమ్మలూ,

నువ్వు తయారుచేసిన ఎక్సెల్ షీటు మీ అమ్మ నాకు పంపింది. అమ్మానాన్నల్ని ఫ్రాంక్‌ఫర్ట్ రప్పించుకుని, జులైలో అక్కడి నుంచి ఇస్తాంబుల్ తీసుకెళ్తున్నావని చూడగానే మీ మామయ్యని పిలిచి గట్టిగా చదివి వినిపించాను. సాయంత్రానికి అపార్ట్‌మెంట్‌లో అందరికీ చెప్పేశాను కూడా. సర్వీసంతా పిల్లలకి 1453లో కాన్‌స్టాంటినోపుల్, అంటే ఇప్పటి ఇస్తాంబుల్, తురుష్కుల వశమైందని పాఠం చెప్పిన మనిషిని, కూతురు సొంత జీతంతో ఆ ఊరికి తీసుకెళ్తోంది. చెప్పుకోకుండా ఎలా ఉంటాను?

రాత్రి ఆ షీటు మళ్ళీ తీసి నెమ్మదిగా చదివాను. పదిన్నరకి హోటల్ నుంచి బయల్దేరడం, పన్నెండింటికి తోప్‌కాపీ ప్యాలెస్, మూడింటికి కోటగోడలు. ఇంక నిద్ర పట్టలేదు. ఫోన్ చేస్తే 'సరే అత్తా, చూస్తాలే' అంటావు. అందుకే రాస్తున్నాను, చివరిదాకా చదువు.

ముందు చిన్న సంగతులు. అమ్మావాళ్ళ షెంగెన్ వీసా, అదే జర్మనీ లాంటి ఐరోపా దేశాలకి కలిపి ఇచ్చేది, మల్టిపుల్ ఎంట్రీయో కాదో చూడు. సింగిల్ ఎంట్రీ అయితే ఇస్తాంబుల్ నుంచి తిరిగి జర్మనీలో అడుగుపెట్టనివ్వరు. టర్కీ ఈ-వీసా ఇచ్చేది కూడా చెల్లుబాటులో ఉన్న ఆ షెంగెన్‌ని చూసే కాబట్టి తేదీలు సరిచూసుకో. తోప్‌కాపీ ప్యాలెస్‌కి మంగళవారం సెలవు. నువ్వు సరిగ్గా మంగళవారమే రాశావు, మార్చు. గ్రాండ్ బజార్‌కి ఆదివారం సెలవు. హోటల్ బుక్ చేసేముందు లిఫ్టు ఉందా, గదిలో ఏసీ నిజంగా పనిచేస్తుందా అని రాసి అడుగు. సుల్తానహ్మెత్ పేట చుట్టుపక్కల పాత ఇళ్ళని హోటళ్ళు చేశారు, కొన్నింటిలో నాలుగంతస్తులూ ఇరుకు మెట్లే ఉంటాయి. ట్యాక్సీ ఎక్కితే మీటరు వేయించు. ట్రాము, మెట్రో, ఫెర్రీ అన్నింటికీ ఇస్తాంబుల్‌కార్ట్ ఒక్కటే చాలు.

ఇక అసలు సంగతి. నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. అన్నయ్య చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నీకు అప్పుడు ఇంజినీరింగ్ పరీక్షలు. ఇప్పుడు ఆ మనిషిని నువ్వే తీసుకెళ్తున్నావు కాబట్టి ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను.

మీ మామయ్య పనిచేసే ఓడ తుజ్లా షిప్‌యార్డ్‌లో మరమ్మతులకి ఉన్న రోజుల్లో మేం ఇస్తాంబుల్‌లో ఆసియా వైపున్న కాడికోయ్‌లో అద్దెకుండేవాళ్ళం. అన్నయ్య రిటైరయ్యాక ఒక్కడే మా దగ్గరికి వచ్చాడు, జులైలోనే. వచ్చిన మర్నాడే కోటగోడలు చూడాలన్నాడు. అవి అయిదో శతాబ్దంలో థియోడోషియస్ చక్రవర్తి కాలంలో కట్టిన గోడలు. మర్మరా సముద్రం ఒడ్డు నుంచి గోల్డెన్ హార్న్ దాకా దాదాపు ఆరున్నర కిలోమీటర్లు ఉంటాయి. కందకం, దాని వెనక ఒక గోడ, ఆ వెనక ఇంకా ఎత్తైన గోడ. వెయ్యేళ్ళు నిలబడి, 1453 మే 29న ఇరవయ్యొక్కేళ్ళ సుల్తాను రెండో మెహ్మెద్ ఫిరంగులకి పడ్డాయి. అన్నయ్యకి అది టూరిస్టు స్పాట్ కాదు. ఆ గోడలు పడ్డాకే కదా ఐరోపా వాళ్ళు సముద్రదారులు వెతుక్కుంటూ మన కాలికట్‌కి వచ్చారు అని క్లాసులో గొంతెత్తి చెప్పిన మనిషి. సగంలో ఆగనంటాడు, ఈ చివర్నుంచి ఆ చివరికి నడవాల్సిందేనంటాడు.

మామయ్య పొద్దున్నే వెళ్దామన్నారు. అన్నయ్య నవ్వి, 'విశాఖపట్నం ఉక్కలో పుట్టి పెరిగినవాళ్ళం, ఇక్కడి ముప్పై డిగ్రీలు మనకో లెక్కా?' అన్నాడు. భోంచేసి తీరిగ్గా బయల్దేరదీశాడు.

ఈ మాట చాలామంది మనవాళ్ళు అంటారు, నువ్వూ అంటావు. అమ్మలూ, మన ఊళ్ళో ముప్పయ్యెనిమిది డిగ్రీల ఎండ ఉన్నప్పుడు మనం ఏం చేస్తాం? తలుపులు వేసుకుని ఫ్యాను కింద పడుకుంటాం. పనులన్నీ పదిలోపు, మళ్ళీ సాయంత్రం అయిదు దాటాకే. అక్కడ మాత్రం టికెట్టు కొన్నాం కదాని పొద్దుటి నుంచి రాత్రిదాకా రోడ్డు మీదే ఉంటాం. ఊరు చుట్టూ సముద్రమే, గాలిలో తేమ. వీధులన్నీ ఎగుడు దిగుడు రాళ్ళు, ఏటవాలు. వడదెబ్బకి థర్మామీటరు ఒక్కటే కారణం కాదు, ఆ ఎండలో మనం ఎన్ని గంటలున్నాం, ఎంత నడిచాం అన్నదీ ముఖ్యమే. ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకో. అక్కడి గడియారం సూర్యుడికంటే ముందుంటుంది. జులైలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఒంటిగంట దాటాక. అస్తమించేది ఎనిమిదిన్నర ప్రాంతంలో. నువ్వు మూడింటికి ఎండ తగ్గుతుందనుకుని గోడలు రాసుకున్నావు. అది మనకి ఇంటి దగ్గర రెండింటి ఎండలాంటిది.

ఆరోజు గోడల దక్షిణపు కొసన ఉన్న యెదికులే వైపు నుంచి నడక మొదలుపెట్టాం. గోడల పక్కన కూరగాయల మళ్ళున్నాయి, పాలకూరలాంటిదేదో నిగనిగలాడుతోంది. అన్నయ్య ఒక బురుజు దగ్గర ఆగి, కందకం ఎంత లోతుండేదో, నగరం వాళ్ళు పగలు పడ్డ గండ్లని రాత్రికి రాత్రి ఎలా పూడ్చేవాళ్ళో చెప్తున్నాడు. అంత సంతోషంగా ఉన్న అన్నయ్యని నేను చాలా రోజులకి చూశాను. సీసా అందిస్తే పెదాలు తడుపుకుని తిరిగిచ్చేస్తున్నాడు. 'తాగు అన్నయ్యా' అంటే 'మళ్ళీ బాత్రూం ఎక్కడ వెతుకుతాం, వద్దులే' అన్నాడు. బీపీకి ఆయన వాడే మాత్రల్లో ఒకటి ఒంట్లో నీటిని బయటికి తోసేది. అంటే ఒంట్లోంచి నీరు రెండు వైపులా పోతోంది, లోపలికి మాత్రం వెళ్ళడం లేదు. 

కాసేపటికి కథ చెప్పడం ఆపేశాడు. అలసిపోయాడేమో అనుకున్నాం. చొక్కా వీపు మీద చెమట ఆరి తెల్లగా ఉప్పు కట్టింది. ఉన్నట్టుండి నావైపు తిరిగి, 'అమ్మా, బస్సు వెళ్ళిపోతుంది, సంచీ తీసుకో' అన్నాడు. అక్కడ బస్సూ లేదు, సంచీ లేదు. నన్ను అమ్మా అంటున్నాడు. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది, అరచెయ్యి పొడిగా ఉంది. రెండడుగులు వేసి గోడకి ఆనుకుని జారిపోయాడు.

మడిలో పనిచేసే పెద్దాయన పరిగెత్తుకొచ్చాడు. ఆయనకీ మాకూ భాష రాదు. ఆయనా మామయ్యా కలిసి అన్నయ్యని అత్తిచెట్టు నీడకి మోసుకెళ్ళారు. ఆ పెద్దాయన మళ్ళకి నీళ్ళు పెట్టే గొట్టం తెచ్చి మెడ మీద, చంకల్లో, తల మీద నీళ్ళు పోశాడు. నేను నా చున్నీ తడిపి విసురుతూనే ఉన్నాను. అంబులెన్సు వచ్చింది, ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించారు. రాత్రికి తెలివిగా మాట్లాడాడు. మొదట అడిగింది ఏంటో తెలుసా? 'ఎదిర్నెకాపీ ఇంకా ఎంత దూరం ఉండింది?' అని. ఆ గోడల్లో ఉన్న పాత నగరద్వారం అది. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది.

అప్పుడు ఆయనకి అరవై నిండలేదు. ఇప్పుడు డెబ్బై దాటాడు, పక్కన మోకాళ్ళ నొప్పులతో మీ అమ్మ. పన్నెండింటికి తోప్‌కాపీ అని ఎలా రాశావే? చదువుకున్నదానివి, అయిదేళ్ళుగా బయటి దేశంలో ఉంటున్నదానివి!

కోప్పడ్డానని బాధపడకు. చిన్నప్పుడు జాతరలో కూడా నాన్న చెయ్యి వదలకుండా నడిచిన పిల్లవి, జాగ్రత్తగానే చూసుకుంటావని నాకు తెలుసు. కానీ ఆ మనిషి నీ ముందు అలసట ఒప్పుకోడు. కూతురు ఇంత ఖర్చు పెట్టింది, కూర్చుంటే టికెట్టు వృథా అవుతుందని నడుస్తూనే ఉంటాడు. కూర్చుందామని నువ్వే అనాలి, నీకే కాళ్ళు నొప్పిగా ఉన్నాయని చెప్పి కూర్చోపెట్టాలి.

రోజుని ఇలా విడగొట్టు. పొద్దున ఏడున్నరకల్లా టిఫిన్ అయిపోవాలి. ప్యాలెస్ తెరిచే వేళకి గేటు దగ్గరుండండి, క్యూ పెరిగేలోపు లోపలికి వెళ్ళిపోతారు. పదకొండున్నరకి ఏదీ సగంలో ఉందని చూడకుండా బయటికి రండి. మ్యాపులో తోప్‌కాపీ అని కొడితే రెండు వస్తాయి. ప్యాలెస్ ఒకచోట, అదే పేరున్న పేట గోడల దగ్గర ఇంకోచోట. ట్యాక్సీవాడికి చెప్పేటప్పుడు జాగ్రత్త. 

మధ్యాహ్నం హోటల్‌కి వెళ్ళి పడుకోవడమే మంచిది. అన్నయ్య ఒప్పుకోకపోతే భూగర్భంలోకి తీసుకెళ్ళు. బసిలికా సిస్టర్న్ అని, జస్టీనియన్ చక్రవర్తి కాలంలో ఆరో శతాబ్దంలో నేల కింద కట్టిన నీటి నిల్వ అది. 336 స్తంభాలు, అడుగున నీళ్ళు, లోపల చల్లగా ఉంటుంది. ఒక మూల రెండు స్తంభాల కింద గ్రీకు కథల్లోని పాముల జుట్టున్న మెడూసా తలలు, ఒకటి తలకిందులుగా, ఒకటి పక్కకి వాలి. ఆయనకి గంట మాట్లాడ్డానికి సరిపోతుంది. పక్కనే ఉన్న ఆయా సోఫియా మసీదులో కింది హాలు నమాజుకి, బయటి దేశాల టూరిస్టులు టికెట్టు కొని పై గ్యాలరీకి వెళ్ళాలి. పైకి ఎక్కడం వదిన మోకాళ్ళకి కష్టమే, నెమ్మదిగా తీసుకెళ్ళు. మసీదులకి వదిన కాటన్ చీర కొంగు తలమీద వేసుకోవాలి. బ్లూ మాస్క్ అనే మసీదుని నమాజు వేళల్లో మూసేస్తారు, శుక్రవారం పొద్దున అటు వెళ్ళొద్దు.

సాయంత్రం ఆరు దాటాక ఎమినోను రేవు నుంచి ఉస్కుదార్‌కో కాడికోయ్‌కో ఫెర్రీ ఎక్కండి. పై డెక్కు మీద ఈశాన్యపు గాలి తగులుతుంది. మా రోజుల్లో నాకు ఆ ఊళ్ళో అన్నింటికంటే ఇష్టమైంది అదే. గ్లాసులో ఎర్రటి టీ, పావురాల్లా వెంటబడే సీగల్స్, ఒకవైపు సులేమానియే మసీదు గుమ్మటం. ఒక టికెట్టుకి ఐరోపా నుంచి ఆసియాకి ఖండం మారిపోతామని మామయ్య ప్రతిసారీ అనేవారు. గాలి చల్లగా ఉంది కదాని పగటిపూట మాత్రం డెక్కు మీద కూర్చోకండి. ఎండ తెలియకుండానే కాల్చేస్తుంది.

నీళ్ళ విషయం నీ చేతుల్లోకి తీసుకో. సీసా నీళ్ళే కొను, అక్కడివాళ్ళూ తాగడానికి ఎక్కువగా అవే వాడతారు. అరగంటకోసారి ఇద్దరి చేతా నీ ఎదుట తాగించు. బాత్రూం భయం పోగొడితేనే అన్నయ్య తాగుతాడు. పెద్ద మసీదుల ఆవరణల్లో టాయిలెట్లు ఉంటాయి. చిల్లర అడిగేచోట్ల ఇవ్వడానికి నాణేలు విడిగా పెట్టుకో. ఏ చోటికి వెళ్ళినా ముందు అది ఎక్కడుందో చూపించి, తర్వాతే చూడాల్సినవి చూపించు. అయ్‌రాన్ అని ఉప్పువేసిన పెరుగు మజ్జిగ ప్రతి కొట్లోనూ దొరుకుతుంది, భోజనంతో అది తప్పకుండా తాగించు. ఆయన బీపీకి ఉప్పు ఎంతవరకు పర్వాలేదో, ఆ నీరుమాత్ర ఎండల్లో ఎలా వాడాలో డాక్టర్ని ఇక్కడే అడిగి వెళ్ళాలి. సొంతంగా మానేయనివ్వకు. 

వదిన శాకాహారం గురించి బెంగపెట్టుకోకు. గోజ్‌లెమే అని జున్నో ఆకుకూరో పెట్టి పెనం మీద కాల్చే పలచటి రొట్టె ఉంటుంది. పప్పు సూప్ ఉంటుంది, అందులో మాంసం రసం పోశారా అని అడిగి తీసుకోవాలి.

ఎవరికైనా తలనొప్పి, వికారం, పిక్కలు పట్టెయ్యడం మొదలైతే వెంటనే నీడకి, ఏసీలోకి తీసుకెళ్ళు. మాట తడబడితే, పొంతన లేకుండా మాట్లాడితే ఇంక ఆలోచించకు. 112కి ఫోన్ చేసి, వాళ్ళు వచ్చేలోపు ఒంటి మీద నీళ్ళు పోస్తూ విసురుతూ ఉండు. స్పృహ సరిగ్గా లేనప్పుడు నోట్లో నీళ్ళు పొయ్యకు.

గోడలు మానిపించమని నేను అనను. ఆ మాట అంటే ఆయన నిన్నూ నన్నూ ఇద్దరినీ క్షమించడు. ఇదివరకు చేరలేకపోయిన ఎదిర్నెకాపీకి నేరుగా ట్యాక్సీలో, పొద్దున ఏడింటికి తీసుకెళ్ళు. ఒక అరగంట, ఒక్క భాగం. చీకటి పడ్డాక అటు వద్దు, గోడల వెంట కొన్నిచోట్ల జనసంచారం ఉండదు. ముట్టడి కథంతా చెప్పుకోవాలంటే పనోరమా 1453 మ్యూజియంకి వెళ్ళండి. గోడలకి ఎదురుగానే ఉంటుంది, లోపల గుండ్రటి గోడ మీద యుద్ధమంతా బొమ్మ వేసి ఉంటుంది. అక్కడ ఎంతసేపైనా చెప్పనీ, నువ్వు విను. నువ్వు ఆయన క్లాసులో ఎప్పుడూ కూర్చోలేదు కదా.

షీటు మార్చాక నాకు పంపు. అన్నయ్య మాత్రల అట్ట ఫొటో కూడా ఈరోజే పంపు. మామయ్యా నేనూ శనివారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, ఆయన్ని అడిగి నీకు చెప్తాను.

మీ అత్త