చిత్త చినుకులు, పిడుగులు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఉత్తర కార్తె ప్రవేశించినప్పటి నుంచి ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం జిల్లాల తెలుగు పాఠకులు ఉరుముల వానల గురించి చాలా లేఖలు రాశారు. వాటిలో నాలుగింటికి ఈ నెల సమాధానం ఇస్తున్నాను. పిడుగు గురించిన మూడో ప్రశ్నకు ఎక్కువ చోటు తీసుకున్నాను. ప్రాణాలకు సంబంధించిన విషయాన్ని కుదించి రాయడానికి మనసు ఒప్పలేదు.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. శ్రావణంలో రోజుల తరబడి పట్టే ముసురు నాకు తెలుసు గాని, భాద్రపదం చివర వచ్చే వానల తీరు అంతుపట్టడం లేదు. పొద్దుటి నుంచి కళ్లు చెదిరే ఎండ కాస్తుంది. మూడు గంటలు దాటేసరికి మహేంద్రగిరి వైపు ఆకాశం నల్లబడి, ఉరుములతో ఒక్క గంట కుండపోతగా కురిసి వెళ్లిపోతుంది. ఊరికి ఈ చివర వీధులు ఏరులై పారితే ఆ చివర దుమ్ము కూడా అణగదు. ఎందుకిలా జరుగుతుంది?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: అమ్మా, మీరు గమనించిన తేడా నిజమైనదే. ముసురు వాన, ఉరుముల వాన ఒకే రకం మేఘం నుంచి పడేవి కావు. శ్రావణంలో బంగాళాఖాతం మీద అల్పపీడనం ఏర్పడినప్పుడు వందల కిలోమీటర్ల మేర మబ్బు కమ్ముకుని ఉంటుంది. ఎండ నేలకు చేరదు, నేల వేడెక్కదు, అందుచేత వాన ఎడతెగకుండా పడినా ఉరుము తక్కువగానే వినిపిస్తుంది. సెప్టెంబరు నడిమికి ఈ పట్టు సడలుతుంది. వాతావరణ శాఖ 2020లో సవరించిన లెక్క ప్రకారం నైరుతి ఋతుపవనాలు వాయవ్య రాజస్థాన్ నుంచి సాధారణంగా సెప్టెంబరు 17 ప్రాంతంలో వెనుదిరగడం మొదలుపెట్టి, అక్టోబరు 15 నాటికి దేశమంతటి నుంచి తొలగుతాయి. అంటే ఉత్తర, హస్త, చిత్త కార్తెలలో మన ప్రాంతం సంధికాలంలో ఉంటుంది.

ఆ రోజుల్లో నేల మూడు నెలల వానకు నాని ఉంటుంది, మడుల్లో నీళ్లు నిలిచి ఉంటాయి, మబ్బు విడిపోవడంతో ఎండ నేరుగా తగులుతుంది. నానిన నేల మీది గాలి వేడెక్కుతూనే ఆవిరిని నింపుకుంటుంది. అది పైకి లేవడానికి ఊతమిచ్చేవి కొండలు. కొండవాలు మీది గాలి, అంతే ఎత్తులో మైదానం మీద ఉన్న గాలి కంటే త్వరగా వేడెక్కుతుంది కనుక, పొద్దెక్కే కొద్దీ వాలు వెంబడి పైకి పాకి శిఖరం దగ్గర నలువైపుల నుంచి కలుస్తుంది. పదకొండు గంటలకు మహేంద్రగిరి నెత్తిన దూదిపింజ లాంటి మబ్బు కనిపించిందంటే సాయంత్రం ఏం కానున్నదో కొండ కింది ఊళ్లవాళ్లు ముందే చెప్పగలరు. ఆ కొండ ఎత్తు 1,501 మీటర్లు. దాని మీద లేచిన మేఘం ఒక్కోసారి 15 కిలోమీటర్ల దాకా, అంటే కొండకు పదింతలు ఎదుగుతుంది. సుమారు 5 కిలోమీటర్ల ఎత్తు దాటాక నీటి బిందువులు గడ్డకట్టడం మొదలవుతుంది; అక్కడ మంచు పలుకులు, మెత్తటి వడగళ్లు ఒకదానితో ఒకటి ఒరుసుకోవడం వల్ల పోగయ్యే విద్యుత్తే మెరుపుకు మూలం.

ఇక ఊరి ఒక చివర వాన, మరో చివర దుమ్ము సంగతి. ఇటువంటి మేఘం ఒక్కొక్కదాని కింద వాన పడే మేర కొన్ని కిలోమీటర్లు మాత్రమే ఉంటుంది. మేఘం నుంచి వానతో పాటు చల్లగాలి కిందికి జారి నేలను తాకి అన్ని వైపులకూ పరుచుకుంటుంది; చినుకు పడక ముందే మన ముఖానికి తగిలే, మట్టివాసన మోసుకొచ్చే గాలి అదే. అది ఎదురుగా ఉన్న వేడిగాలిని పైకి ఎత్తగానే మరో మేఘం పుడుతుంది. కొండ మీది వాన మైదానంలోకి నడిచి వచ్చిందని మనం అంటాం గాని, చాలాసార్లు పాత మేఘం కరిగిపోతూ, దాని ముందు కొత్తది పుడుతూ ఆ వరుస దిగువకు సాగుతుంది. కొత్తది ఏ పొలం మీద పుడుతుందో ముందుగా గుర్తించడం కష్టం. "చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడుతుంది" అని పెద్దలు అన్నది ఈ వానను తరతరాలుగా చూసి అన్న మాట. నిరుడు గుణుపురం నుంచి వస్తుండగా వంశధారకు ఈ గట్టున బస్సు అద్దాల మీద వాన కొరడాతో కొట్టినట్లు పడుతుంటే, అవతలి గట్టున ఒకామె ఎండలో చాప మీద చోళ్లు (రాగులు) ఆరబోసి కాలితో తిరగేస్తూ కనిపించింది.

ప్రశ్న: ఉరుముల వాన పడిన మర్నాడు పైరు పచ్చగా నిగనిగలాడుతుంది. కాలువ నీటికి ఆ రంగు రాదు. మెరుపులో ఎరువు ఉందంటారు, నిజమేనా?
– రాయగడ నుంచి ఒక రైతు

జవాబు: కొంతవరకు నిజం. గాలిలో 78 శాతం నత్రజనే అయినా మొక్క దానిని నేరుగా తీసుకోలేదు. మెరుపు వేడికి ఆ నత్రజని ప్రాణవాయువుతో కలిసి, చివరకు నైట్రేటుగా మారి వానతో నేలకు దిగుతుంది. అయితే ఆ మోతాదు ఎకరానికి చాలా స్వల్పం. దానిని నమ్ముకుని పైపాటు ఎరువు మానవద్దు. ఆకుల మీది దుమ్ము కడిగిపోవడం, వేళ్ల దగ్గర ఉన్న పోషకాలు తడికి కరిగి మొక్కకు అందడం కూడా ఆ పచ్చదనానికి కారణాలు. వరి పూత మీద ఉన్నవారికి ఒక ఊరట మాట: వరి పూలు ఎక్కువగా ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం లోపు విచ్చుకుని మూసుకుంటాయి కనుక, సాయంత్రపు జల్లు వల్ల పుప్పొడి కొట్టుకుపోతుందన్న భయం పెద్దగా అక్కరలేదు. గాలికి చేను పడిపోవడమే అసలు బెంగ.

ప్రశ్న: మాది గుణుపురం దగ్గర పల్లె. మొన్న మా పక్క పొలంలో చెట్టు కింద కట్టేసిన ఆవు పిడుగుకు చనిపోయింది. అప్పటికి ఒక్క చినుకైనా పడలేదు, నడినెత్తిన ఆకాశం తేటగానే ఉంది. వాన లేని పిడుగు ఎలా వస్తుంది? పొలంలో ఉన్నవాళ్లం ఏది చూసి జాగ్రత్తపడాలి? గట్ల మీద తాటిచెట్లు ఉండడం మంచిదా, చెడ్డదా?
– ఒక పాఠకుడు

జవాబు: అయ్యా, మీ పక్కవారికి కలిగిన నష్టానికి బాధపడుతున్నాను. పిడుగు ఎప్పుడూ మేఘానికి సూటిగా కిందనే పడదు. మేఘం పైభాగం నుంచి బయలుదేరి పక్కకు సాగి, వాన పడే చోటికి పది కిలోమీటర్లకు పైగా దూరంలో కూడా దిగగలదు. అందువల్ల వాన మొదలయ్యే ముందు కాలమూ, వాన వెలిసిందనుకుని మళ్లీ పొలంలోకి దిగే కాలమూ వాన పడుతున్న సమయమంత ప్రమాదకరమైనవే. ఆవు చనిపోవడానికి పిడుగు దాని ఒంటి మీదనే పడనక్కరలేదు. చెట్టు మీద పడిన విద్యుత్తు వేళ్ల గుండా తడినేలలోకి పాకుతుంది; పశువు ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య ఎడం ఎక్కువ కాబట్టి, ఒక జత కాళ్ల నుంచి ఎక్కి గుండె మీదుగా మరో జత కాళ్ల గుండా దిగుతుంది. మబ్బు పట్టిన పూట పశువులను ఒంటి చెట్టుకూ, కంచె తీగ పక్కనా కట్టవద్దు.

ఏది చూసి జాగ్రత్తపడాలన్నారు. చూడడంతో పాటు లెక్కపెట్టాలి. మెరుపు కనిపించిన క్షణం నుంచి ఉరుము వినిపించే వరకు ప్రతి మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు దూరం. ముప్పై సెకన్ల లోపు ఉరుము వినిపిస్తే పిడుగు మీ దాకా రాగలిగినంత దగ్గరలో ఉన్నట్లే. చివరి ఉరుము తరువాత అరగంట గడిచే వరకు బయటికి రాకూడదు. చేతికి గడియారం లేనివారికి మన ఇళ్లలోనే ఒక సాధనం ఉంది. ఉరిమినప్పుడు మా నాయనమ్మ మమ్మల్ని దగ్గరకు తీసుకుని "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అంటూ పది పేర్లూ చదివించేది. తొందర లేకుండా పది పేర్లూ ధనంజయ వరకు చెప్పడానికి దాదాపు పది సెకన్లు పడుతుంది. మెరుపు చూసి మొదలుపెట్టి, మూడు సార్లు పూర్తి కాకముందే ఉరుము వినిపిస్తే ఉన్న పని ఉన్నట్లే వదిలి కదలండి. పిల్లలకు ఈ లెక్క నేర్పండి. భయంతో అనే ఆ పేర్లే వాళ్లకు దూరం చెబుతాయి.

పక్కా ఇల్లు గాని, తలుపులూ అద్దాలూ మూసిన బస్సు, కారు గాని క్షేమం. పొలంలోని పాక, మంచె, రేకుల చావడి వానను ఆపుతాయి గాని పిడుగును ఆపవు. ఏ ఆసరా దొరకకపోతే గట్టు మీద నిలబడకుండా పల్లంగా ఉన్న పొడిచోట పాదాలు రెండూ దగ్గరగా చేర్చి, మునికాళ్ల మీద ముడుచుకుని కూర్చోండి. నేల మీద పడుకోవద్దు. నాట్లకో కలుపుకో గుంపుగా వెళ్లినవారు ఒకరికొకరు దూరంగా చెదరాలి. పిడుగు తగిలినవారి ఒంట్లో విద్యుత్తు మిగిలి ఉండదు. ముట్టుకుంటే మనకు తగులుతుందన్న భయంతో ఆలస్యం చేయడం వల్ల పోయే ప్రాణాలున్నాయి. ఊపిరి ఆగి ఉంటే రొమ్ము నడుమ రెండు చేతులతో బలంగా, వేగంగా నొక్కుతూ 108కి ఫోన్ చేయించండి.

తాటిచెట్టు ఎత్తుగా, ఒంటిగా ఉంటుంది కనుక పిడుగును తన మీదికి తీసుకుంటుంది. అందుకే ఒడిశాలో తాటిచెట్లు నాటించే పని చేపట్టారు. గట్టున తాటిచెట్టు ఉంటే పొలానికి మేలు. దాని కింద నిలబడిన మనిషికి మాత్రం చేటు. రెండూ నిజమే.

ఒడిశా 2015లోనే పిడుగుపాటును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది; ప్రాణం పోయిన కుటుంబానికి 4 లక్షల రూపాయల సహాయం అందుతుంది. 2023 సెప్టెంబరు 2న, ఋతుపవనాలు చాలా రోజులు ముఖం చాటేసి తిరిగి వచ్చిన మధ్యాహ్నం, రాష్ట్రంలో రెండు గంటల్లో 61 వేల మెరుపులు నమోదయ్యాయి, 12 మంది చనిపోయారు. ఎండలు కాసి, తెరపి ఇచ్చి, మళ్లీ వచ్చే మొదటి వాన విషయంలో మరింత జాగ్రత్త అవసరమని చెప్పడానికే ఈ తేదీ గుర్తుచేస్తున్నాను. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ తయారుచేసిన 'దామిని' యాప్ 20, 40 కిలోమీటర్ల పరిధిలోని పిడుగుల గురించి హెచ్చరిస్తుంది. ఊరికి నలుగురి ఫోన్లలో ఉన్నా, వాళ్లు కేకేస్తే పొలమంతా వింటుంది.

ప్రశ్న: ఆశ్వయుజం వస్తే మాకు తుఫాను భయం. ఉరుము వినబడితే చాలు, మా అమ్మగారు తుఫాను వస్తోందంటారు. రెండింటికీ సంబంధం ఉందా?
– బరంపురం నుంచి ఒక గృహిణి

జవాబు: అమ్మగారి భయానికి కారణం ఉంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది; 2014లో అదే తేదీన హుద్‌హుద్ విశాఖను తాకింది; 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర ఒడ్డెక్కింది. కానీ ఉరుముల వాన కొన్ని కిలోమీటర్ల వెడల్పుతో ఒక పూటలో ముగిసేది. తుఫాను వందల కిలోమీటర్ల వెడల్పుతో రోజుల తరబడి సముద్రం మీద పెరిగేది, దానికి ముందస్తు హెచ్చరిక ఉంటుంది. సాయంత్రపు ఉరుము తుఫానుకు సూచన కాదని అమ్మగారికి ధైర్యంగా చెప్పండి.

రెండింటికీ పోలిక ఉన్నది కొండల దగ్గర. తిత్లీ సమయంలో గజపతి జిల్లాలో ప్రాణాలు పోయింది తీరాన కాదు, కొండచరియలు విరిగిపడిన పల్లెల్లో. సాయంత్రపు గాలివాన చిన్నదే అయినా, నానిన వాలు మీద గంటలో కురిసిన నీరు ఇంకే వీలు లేక గెడ్డల్లోకి, అంటే కొండవాగుల్లోకి, దూకుతుంది. ఎగువన కొండల్లో కురిసిన సంగతి దిగువన తెలియదు. పర్లాకిమిడి దగ్గర ఎండ కాస్తుండగానే మహేంద్రతనయ నది నీరు ఎర్రబడి, చెత్తా ఎండుకొమ్మలూ కొట్టుకొస్తాయి. బట్టలు ఉతుకుతున్నవారు, ఇసుకలో ఆడుతున్న పిల్లలు నీటి రంగు మారడం చూడగానే సామాను వదిలేసి గట్టెక్కాలి; తేట నీటికీ వరదకూ మధ్య దొరికేది ఒక్కోసారి కొన్ని నిమిషాలే.