కొరియా వైద్యం చదవాలా, కొరియా ఉత్తరాలు చదవాలా?

ప్రశ్న: ఎమ్మెస్సీ సైకాలజీ చివరి సంవత్సరంలో ఉన్నాను. రెండేళ్లుగా కొరియన్ నేర్చుకుంటున్నాను. మనసు గురించి కన్ఫ్యూషియన్ పండితులు చెప్పినదాన్ని అక్కడ మానసిక చికిత్సలోనూ, సంప్రదాయ వైద్యంలోనూ వాడతారని చదివాను. ఆ వైద్యం చదివి వచ్చి ఇక్కడ క్లినిక్ పెట్టవచ్చా?

జవాబు: క్లినిక్ సంగతి ముందే తేల్చేద్దాం. కొరియా సంప్రదాయ వైద్యం మన ఆయుష్ పద్ధతుల్లో లేదు. అక్కడ ఆరేళ్లు చదివి, కొరియన్ భాషలో జాతీయ పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నా ఇక్కడ అది చెల్లదు. ఆ దారి వదిలేయండి. విషయాన్ని మాత్రం వదలకండి.

ఎందుకంటారా? 1559లో తొయ్‌గే అనే పేరుతో ప్రసిద్ధుడైన యి హ్వాంగ్‌కు ఆరు పదులు దగ్గరపడ్డాయి. కొరియాలో అంతటి పండితుడు లేడు. ఆయనకంటే 26 ఏళ్లు చిన్నవాడు, అంతకు ముందటి ఏడాదే ప్రభుత్వోద్యోగ పరీక్ష నెగ్గిన గి దేసుంగ్, ‘మీ వాక్యం సరిగా లేదు’ అన్నాడు. జాలి, చెడుపై ఏవగింపు, వినయం, మంచిచెడుల విచక్షణ అనే మంచితనపు నాలుగు మొలకలు ‘లి’ నుంచి, అంటే ధర్మసూత్రం నుంచి పుడతాయనీ, సంతోషం, కోపం వంటి ఏడు భావాలు ‘గి’ నుంచి, అంటే ప్రాణశక్తి నుంచి పుడతాయనీ తొయ్‌గే మాట. ఆ నాలుగూ ఈ ఏడింటిలోవే కదా, వాటికి వేరే పుట్టుక ఎక్కడిదని కుర్రవాడి ప్రశ్న. ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిచాయి. పెద్దాయన తన వాక్యాన్ని సవరించుకున్నాడు కూడా.

అత్తగారిపై కోపం మింగుతూ ఇరవై ఏళ్లు గడిపిన ఇల్లాలు మీ ఎదుట కూర్చుందనుకోండి. ఆ కోపం అణచవలసిన ఆవేశమా, అన్యాయాన్ని ఏవగించుకునే మొలకా? చికిత్స ఎటు సాగాలో ఈ జవాబే చెబుతుంది. ఇలా మింగిన కోపం గుండెల్లో బరువుగా, ఒంట్లో సెగగా పైకి తేలితే కొరియన్లు దాన్ని ‘హ్వాబ్యొంగ్’ అంటారు, అంటే నిప్పు జబ్బు. 1994 నాటి అమెరికన్ మనోవ్యాధుల వర్గీకరణ గ్రంథం అనుబంధంలోనూ ఈ పేరుంది. అంతకు వందేళ్ల ముందు, 1894లో, కొరియా వైద్యుడు లీ జేమా శోకం, కోపం, సంతోషం, సుఖం అనే భావాలకు అవయవాల బలాబలాలను ముడిపెట్టి మనుషులను నాలుగు ప్రకృతులుగా విభజించాడు. ‘మన వాత పిత్త కఫాలే కదా’ అని మాత్రం పరిశోధన ప్రతిపాదనలో రాయకండి. ఆయన ఎత్తుగడే వేరు, ప్రాచీన చైనాకు చెందిన కన్ఫ్యూషియన్ తత్వవేత్త మెన్షియస్‌ నీతి నుంచి మొదలవుతుంది.

ఇక మీ దారి. ముందు భారత పునరావాస మండలి గుర్తించిన క్లినికల్ సైకాలజీ శిక్షణ పూర్తిచేసి, ఇక్కడ రోగులను చూసే అర్హత సంపాదించండి. తర్వాత పరిశోధనకు వెళ్లండి. సియోల్‌లో 1398 నాటి కన్ఫ్యూషియన్ విద్యాపీఠం వారసత్వంతో నడిచే సంగ్‌క్యున్‌క్వాన్ విశ్వవిద్యాలయం, సంగ్నమ్‌లో కొరియా అధ్యయనాల అకాడమీ ఉన్నాయి. అక్కడి ప్రభుత్వ స్కాలర్‌షిప్పు కింద వెళ్తే సాధారణంగా మొదటి ఏడాది భాషకే.

ఒక చిక్కు ఎవరూ ముందుగా చెప్పరు. ఆ ఉత్తరాలు కొరియన్‌లో లేవు, ప్రాచీన చైనీస్‌లో ఉన్నాయి. మీ రెండేళ్ల కొరియన్ తరగతికి పనికొస్తుంది, మూలానికి చాలదు. కాబట్టి ఈ వేసవిలోనే ఆ భాష మొదలుపెట్టండి. బావిలో పడబోయే బిడ్డను చూసి ఎవరైనా ఉలిక్కిపడతారని మెన్షియస్ రాసిన భాగం చిన్నది, నాలుగు మొలకల మాట అందులోదే. మొదటి పాఠంగా అది చాలు.