పీజీ ప్రాజెక్టునే సొంత సినిమాగా తీయొచ్చా? పోచంపల్లి మగ్గాల దగ్గర నేను నేర్చుకున్నది

మీరు మీడియా ప్రొడక్షన్ పీజీ రెండో ఏడాదిలో ఉన్నారు. డిగ్రీ ప్రాజెక్టునే సొంత సినిమాగా మలచుకోవాలా, లేక విడిగా ఇంకోటి తీయాలా, కథ ఎలా ఎంచుకోవాలి అని అడిగారు. నా సలహా: ఒక్కటే తీయండి. రెండు సినిమాలకు సరిపడా వారాంతాలు ఒక సెమిస్టర్‌లో ఉండవు. నేను హైదరాబాద్‌లో ఎంఏ చేస్తూ తీసిన 22 నిమిషాల డాక్యుమెంటరీయే నా డిగ్రీ ప్రాజెక్టు. ఫెస్టివల్స్‌కి వెళ్లిందీ అదే.

కథ ఎంచుకునేటప్పుడు నేను పెట్టుకున్న షరతు ఒక్కటే. పొద్దున బస్సెక్కితే రాత్రికి హాస్టల్‌కి తిరిగి రాగలగాలి. మా క్లాసులో చాలామంది అరకు, శ్రీకాకుళం వైపు వెళ్లారు. నాలుగు రోజులుండి, దొరికింది తీసుకొచ్చారు. ఎడిటింగ్‌లో ఒక షాట్ తక్కువైతే మళ్లీ వెళ్లే దారి లేకపోయింది. నేను భూదాన్ పోచంపల్లి ఎంచుకున్నాను. 17 సార్లు వెళ్లాను. అందులో మొదటి ఐదుసార్లు కెమెరా తీసుకెళ్లలేదు.

పోచంపల్లి అనగానే అందరికీ గుర్తొచ్చేవి 1951లో వినోబా భావే రావడం, ఇక్కత్ చీరలు. ఆసు యంత్రం కథ కూడా చాలామందికి తెలుసు. ఆసు పోయడం అంటే అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల మీద దారాన్ని అటూ ఇటూ పోస్తూ ఉండటం. ఒక్క చీరకు చెయ్యి కొన్ని వేలసార్లు ఆడాలి. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా గైడ్ ఆ యంత్రం మీదే తీయమన్నారు. కానీ ఆ కథ లోకానికి అప్పటికే చేరింది. ఇంకా చేత్తోనే ఆసు పోస్తున్న ఒక ఇల్లు నాకు దొరికింది. అక్కడే ఆగిపోయాను. మీరూ ఊరి కథ వెతక్కండి, ఒక్క ఇల్లు వెతకండి.

ఆ ఇంట్లో తాత గుంట మగ్గం (నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని నేసే మగ్గం) మీద నేసేవారు. పెద్దమ్మ ఆసు పోసేది. మొదటి ఇంటర్వ్యూ రోజు, ఆడియో శుభ్రంగా రావాలని తాతను మగ్గం ఆపమన్నాను. కుర్చీలో కూర్చోబెట్టి, కాలర్‌కి మైకు పెట్టాను. ఆయన నోట మాట రాలేదు. అడిగినదానికి ‘అవును’, ‘లేదు’ అంతే. కెమెరా సర్దేస్తుంటే మళ్లీ గుంటలోకి దిగి, నాడె (దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లే పరికరం) ఆడిస్తూ తన పెళ్లి దగ్గర్నుంచీ అన్నీ చెప్పుకొచ్చారు. పెద్దమ్మ నవ్వి, ‘మగ్గం సప్పుడు ఉంటేనే ఆయనకు మాటలొస్తయి బిడ్డా’ అంది. నా సినిమా ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అప్పటికే ప్రపోజల్ సమర్పించి రెండు నెలలైంది. స్క్రిప్టు మొత్తం మార్చి, గైడ్‌ని ఒప్పించడానికి మగ్గం ఆపినప్పటి ఆడియో, మగ్గం ఆడుతున్నప్పటి ఆడియో రెండూ పక్కపక్కన వినిపించాను. ఆయన వెంటనే సంతకం పెట్టారు.

తర్వాత సమస్య ఆ చప్పుడే. పన్నె (దారాన్ని దగ్గరికి కొట్టే దువ్వెన లాంటి చట్రం) కొట్టే ప్రతి దెబ్బకూ మాట మింగుకుపోయేది. లాపెల్ మైకును (కాలర్‌కి తగిలించే ఆ చిన్న మైకును) చొక్కా లోపల, గొంతుకు దగ్గరగా పెట్టడంతో సగం తీరింది. మనుషులెవరూ మాట్లాడకుండా ఒట్టి మగ్గం శబ్దాన్నే అరగంట విడిగా రికార్డు చేసుకున్నాను. ఎడిటింగ్‌లో కోతలన్నిటినీ అతికించింది ఆ అరగంటే. మీరు ఎక్కడ తీసినా ఆ చోటు శబ్దాన్ని ఇలా విడిగా పట్టుకోండి.

పరికరాల గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. డిపార్ట్‌మెంట్ కెమెరా వారాంతానికి ఇస్తే చాలు. ట్యూబులైట్ల కింద తీస్తే సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఫ్లికర్ (వెలుతురు మిణుకుమనడం) రాదు. 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకు 100 మెగాబిట్లు) తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది. దానికి తగ్గ హార్డ్‌డిస్కులు రెండు కొనండి, రెండో కాపీని వేరే గదిలో పెట్టండి. ఎడిటింగ్‌కి డావిన్చీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ సరిపోయింది. నాకు మొత్తం ఖర్చు 40 వేల లోపే. అందులో ఎక్కువ భాగం డిస్కులకీ, సబ్‌టైటిల్స్‌కీ పోయింది.

నేను దెబ్బతిన్నది కాగితాల దగ్గర. తాత వాళ్లింట్లో పొద్దంతా రేడియో మోగుతుంది. ఒక మంచి సీన్ వెనక పాత సినిమా పాట స్పష్టంగా వినిపిస్తోంది. కాలేజీలో ప్రదర్శించినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. విద్యాసంస్థలో విద్యార్థులు, అధ్యాపకులు, తల్లిదండ్రుల వరకే వేసుకునే ప్రదర్శనకు కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. గేటు దాటాక ఆ మినహాయింపు రాదు. ఒక ఫెస్టివల్ వాళ్లు పాటకు అనుమతి పత్రం అడిగారు. నా దగ్గర లేదు. సౌండ్ మిక్స్ మొత్తం మళ్లీ చేసేసరికి గడువు దాటిపోయింది. అందుకే షూటింగ్ రోజే రేడియో కాసేపు ఆపమని అడగండి. వాళ్లేమీ అనుకోరు.

సినిమా ఎవరిదన్నది కూడా షూటింగ్‌కి ముందే తేల్చుకోండి. చట్టం దృష్టిలో సినిమాకు కర్త నిర్మాత, అంటే దాన్ని తీసే చొరవ, బాధ్యత తీసుకున్న వ్యక్తి. విద్యార్థి సినిమాలో అది మీరా, సంస్థా అన్న ప్రశ్న వస్తుంది. మా నియమావళిలో ప్రాజెక్టులన్నీ సంస్థవే అని ఒక వాక్యం ఉంది. నేను హెచ్‌ఓడీ (విభాగాధిపతి) దగ్గర, బయట పంపుకోవడానికి అభ్యంతరం లేదని ముందే లేఖ తీసుకున్నాను. తిరువనంతపురంలో ఏటా జరిగే ఐడీఎస్‌ఎఫ్‌ఎఫ్‌కే (కేరళ అంతర్జాతీయ డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్), ముంబయిలో రెండేళ్లకోసారి జరిగే ఎంఐఎఫ్‌ఎఫ్ (ముంబయి అంతర్జాతీయ ఫిల్మ్ ఫెస్టివల్) మనవాళ్లు తప్పక ప్రయత్నించాల్సినవి. సినిమా ఏ తేదీ తర్వాత పూర్తయి ఉండాలో, ముందే ఆన్‌లైన్లో పెట్టొచ్చో లేదో నిబంధనల్లో చూసుకుని, దాన్నిబట్టి ఆన్‌లైన్లో పెట్టడం వాయిదా వేయండి.

ఎడిట్ ఖరారు చేసేముందు ఒక వారం ఖాళీగా ఉంచుకోండి. నేను లాప్‌టాప్ పట్టుకుని వెళ్లి, ఆ ఇంట్లోవాళ్లకే మొదట చూపించాను. సంతకాలు ఎప్పుడో తీసుకున్నాను. అయినా పెద్దమ్మ ఒక చోట ఆపమంది. సేటుకు ఎంత బాకీ ఉన్నారో తాత చెప్పే మాట అది. ‘కూతురి అత్తగారోళ్లు సూస్తరు బిడ్డా, అదొక్కటి తీసెయ్’ అంది. సినిమాలో అన్నిటికన్నా బలమైన మాట అదే. అక్కడే కూర్చుని, ఆమె చూస్తుండగానే తీసేశాను.