బ్రెమెన్‌లో తాళంచెవి మర్చిపోతే

"జర్మనీలో ఊరికో జెండా, ఊరికో చిహ్నం ఉంటాయట కదా, మామూలు జనం వాటిని పట్టించుకుంటారా?" అని అడిగారు. నేను నాలుగేళ్లుగా ఉంటున్న బ్రెమెన్‌లో బాగానే పట్టించుకుంటారు. వెక్కిరించుకుంటారు కూడా.

ఈ ఊరి చిహ్నం ఎర్ర డాలు మీద ఏటవాలుగా వెండి తాళంచెవి. ఏసు శిష్యుడు సెయింట్ పీటర్ చేతిలో ఉండే తాళంచెవి అది, ఇక్కడి పెద్ద చర్చి ఆయన పేరు మీదే ఉంది. ఈ ఊరి బెక్స్ బీరు సీసా మీద ఉన్నదీ అదే, కాకపోతే అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటుంది.

వచ్చిన మొదటి చలికాలం, ఒక ఆదివారం చెత్త పడేసి వచ్చేసరికి మా తలుపు మూసుకుపోయింది. ఇక్కడ చాలా తలుపులకు బయట తిప్పే పిడి ఉండదు, మూసుకుంటే అంతే. కాళ్లకు చెప్పులు, ఒంటి మీద టీషర్టు, ఫోన్ లోపల. పక్కింటి పెద్దావిడ లోపలికి పిలిచి కాఫీ ఇచ్చి, "తాళంచెవి ఊళ్లో తాళంచెవే మర్చిపోయావా!" అని ఒకటే నవ్వు. ఆ ఊపులో ఫ్రిజ్‌లోంచి ఎరుపూ తెలుపూ చారల పంది మాంసం ముక్క తీసి, "ఇదిగో మా జెండా" అని నా ముఖం ముందు ఊపింది. నిజమే, జెండా నిండా ఎరుపు తెలుపు అడ్డచారలు, కనీసం ఎనిమిది, కర్ర వైపు గళ్లు. జనం దాన్ని 'స్పెక్‌ఫ్లాగె' అంటారు, అంటే పందికొవ్వు జెండా! నేనేమో గుడ్డు కూడా వండని ఇంట్లో పుట్టాను.

హాంబర్గ్ వాళ్లు తమ ఊరు ప్రపంచానికి ద్వారం అంటారు, వాళ్ల చిహ్నం మీద కోట ద్వారం ఉంటుంది. "ఉంటే ఉండనీ, తాళంచెవి మా దగ్గరుంది" అని ఇక్కడివాళ్ల జవాబు. ఇలా ఎకసెక్కాలాడుకుంటారు కాబట్టే ఆ బొమ్మ చిన్నపిల్లలకు కూడా తెలుసని నా గట్టి నమ్మకం. మా ఊరి మున్సిపాలిటీ ముద్రలో ఏముందని అడిగితే నేను చెప్పలేను, ఇంటిపన్ను రసీదు మీద ఎన్నిసార్లు చూసుంటానో!

తాళాలు తీసే అతను రెండు గంటలకు వచ్చాడు. అర నిమిషం పని, ఆదివారం రేటట, 180 యూరోలు పట్టుకుపోయాడు. అంత డబ్బుకి మన దగ్గర కొత్త తలుపే వస్తుంది. అప్పటినుంచి నా రెండో తాళంచెవి ఆ పెద్దావిడ వంటింట్లో, ఫ్రిజ్ పక్క మేకుకే వేలాడుతోంది.