ఘాటెక్కే ముందు ఆ లోపాన్ని ఇంటి దగ్గరే పట్టుకో

చిరంజీవి బుజ్జికి, విజయనగరం నుంచి పెదమామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మీ నాన్న బుల్లెట్‌ను షెడ్డులోంచి బయటకు తీశావని, దసరా సెలవులలో సాలూరు మీదుగా కొరాపుట్ వెళ్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ బండిని కిక్కు కొట్టి నడపగల ఆడపిల్ల మన ఇంట్లో ఉన్నందుకు నాకు చాలా గర్వంగా ఉంది. అయితే అది నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోతోందని, కాసేపటికి మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్టవుతోందని కూడా చెప్పింది. అప్పటి నుంచి నా మనసు కుదుటగా లేదు. అసలు స్టార్టు కాని బండి వాకిట్లోనే ఉండిపోతుంది గనుక దానితో ప్రమాదం లేదు. అప్పుడప్పుడు ఆగే బండే సాలూరు దాటాక కొండెక్కే సుంకి ఘాట్ మలుపులో మనిషిని లారీకి అడ్డంగా నిలబెడుతుంది.

ప్లగ్ కొత్తది వేయించు. బ్యాటరీ టెర్మినళ్లకు చిలుము పట్టి ఉంటే గీకి, గట్టిగా బిగించు. పెట్రోలు ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినా బండి ఇలాగే ఆగుతుంది. కాబట్టి ఆగిన వెంటనే మూత తెరిచి చూడు. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తే ముందు ఆ రంధ్రం శుభ్రం చేయించాలి.

ఎవరో చెప్పారని నువ్వు అప్పుడే ప్లగ్‌కు నిప్పురవ్వ పుట్టించే కాయిల్ కొత్తది కొన్నావట. ఎందుకమ్మా ఆ తొందర? పాత కాయిల్ పోయిందని ఎవరు పరీక్షించారు? మీ నాన్న చేసిన పొరపాటు సరిగ్గా ఇదే. ఆయన తనంతట తాను నీకు చెప్పడు గనుక నేనే చెబుతున్నాను. నువ్వు చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఈ బండికి ఇదే జబ్బు చేసింది. ఆగినప్పుడల్లా బావ ఒక సామాను మార్పించేవాడు. ముందు పాయింట్ల దగ్గర నిప్పురవ్వలు ఎగరకుండా ఆపే కండెన్సర్ (పాయింట్లంటే కలుస్తూ విడిపోతూ కాయిల్‌కు కరెంటును ఇచ్చి ఆపే చిన్న స్విచ్ లాంటివి), తరువాత కాయిల్, ఆ పైన కార్బురేటర్ విప్పి కడిగించడం. మార్చిన ప్రతిసారీ కొన్నాళ్లు బండి బాగానే నడిచేది. వచ్చిపోయే లోపం తనంతట తాను పోతే, కొత్త సామానే దాన్ని పోగొట్టిందని ఆయన నమ్మాడు. ఆ నమ్మకంతోనే ఒకసారి ఘాటు వైపు బయలుదేరాడు. గజపతినగరం, రామభద్రపురం దాటి సాలూరు దాకా తిన్నని రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. ఘాటెక్కాక, ఒక మెలిక మలుపులో హ్యాండిల్‌ను బాగా తిప్పిన క్షణంలో ఇంజను చచ్చిపోయి, ఎత్తు మీద బండి వెనక్కి జారి ఆయన పక్కకు పడ్డాడు. వెనుక లోడుతో వస్తున్న లారీ డ్రైవరు సమయానికి బ్రేకు తొక్కబట్టి మోచేతి గాయంతో బయటపడ్డాడు. ఆ మచ్చ నువ్వు చూసే ఉంటావు. అదే లారీలో బండిని సాలూరు దించితే, కబురు విని నేనూ అక్కడికి చేరుకున్నాను. అది లారీల ఊరు, వైరింగు తెలిసిన మనుషులకు కొదవ లేదు. ఒక ముసలి ఎలక్ట్రీషియన్ ఒక్క సామాను కూడా విప్పకుండా, ఇంజను స్టార్టు చేసి హ్యాండిల్‌ను కుడికీ ఎడమకీ తిప్పాడు. ఎడమకు తిప్పినప్పుడు ఇంజను ఆగింది. హెడ్‌లైటు వెనుక తాళం స్విచ్‌కు వెళ్లే వైరు పైతొడుగు చెక్కుచెదరలేదు. బ్లేడుతో కోసి చూపిస్తే లోపల రాగి పోగులు పచ్చబడి, దాదాపు అన్నీ తెగి, ఒకటో రెండో మాత్రం అంటుకుని ఉన్నాయి. తిన్నని రోడ్డు మీద కలిసి ఉండే ఆ పోగులు మలుపులో విడిపోయేవి.

అందువల్ల కొన్న కాయిల్‌ను పెట్టెలోనే ఉంచి, ముందుగా వాకిట్లో బండిని స్టాండు వేసి, ఇంజను నడుస్తుండగా హ్యాండిల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పు, తాళాన్ని కదిపి చూడు, ఒక్కొక్క వైరును మెల్లగా లాగు. అప్పటికీ ఆగకపోతే, 12 వోల్టుల చిన్న బల్బుకు రెండు వైర్లు కట్టి, ఒకదాన్ని తాళం స్విచ్ నుంచి కాయిల్‌కు కరెంటు వచ్చే టెర్మినల్‌కు, రెండోదాన్ని ఫ్రేము ఇనుముకు కలిపి, బల్బును కళ్లకు కనబడేలా హ్యాండిల్‌కు కట్టి ఊళ్లోనే నడుపు. ఇంజను ఆగిన క్షణంలో బల్బు కూడా ఆరితే లోపం బ్యాటరీకీ కాయిల్‌కూ మధ్యలో ఉన్నట్టు. బల్బు వెలుగుతూనే ఉంటే పాయింట్లు, కండెన్సర్, కాయిల్, ప్లగ్ క్యాప్ వైపు చూడాలి.

ఆగిన వెంటనే కంగారుపడి కిక్కు కొట్టవద్దు. లైట్లు ఆర్పి, తాళం స్విచ్ ఆన్‌లోనే ఉంచి, కిక్కును చేత్తో మెల్లగా నొక్కుతూ, బ్యాటరీ కరెంటు రాకపోకలు చూపే అమ్మీటరు ముల్లును చూడు. పాయింట్లు కలిసినప్పుడు అది డిశ్చార్జి వైపు వాలి, విడిపోయినప్పుడు మధ్యకు రావాలి. అసలు కదలకపోతే పాయింట్లకు కరెంటు అందడం లేదు, లేదా పాయింట్లే కలవడం లేదు. వాలినది వాలినట్టే ఉండిపోతే పాయింట్లు తెరుచుకోవడం లేదు. వాటి గ్యాప్‌ను, సందు కొలిచే సన్నని రేకులైన ఫీలర్ గేజ్‌తో 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టించు. బండి వేడెక్కితేనే ఆగి, చల్లారాక స్టార్టవుతుంటే, చీకటి పడ్డాక పాయింట్ల మూత తీసి చూడు. అక్కడ పెద్దగా నీలిరంగు నిప్పురవ్వలు ఎగురుతుంటే ముందు కండెన్సర్‌ను అనుమానించు. అది కాకపోతే అప్పుడు నీ కొత్త కాయిల్ వేయించవచ్చు.

వెళ్లవద్దని నేను అనడం లేదు తల్లీ. మీ నాన్న కూడా నీ వయసులోనే ఆ ఘాటెక్కాడు. బల్బు ఆరిందో వెలిగిందో నాకు ఫోను చేసి చెప్పు. వైరింగు అయితే నేనే వచ్చి దగ్గరుండి మార్పిస్తాను. అంతవరకు బండిని రామభద్రపురం దాటించవద్దు.

ఇట్లు,
మీ పెదమామయ్య