గంజాయి మానిన తొలి నెలలో బాబుతో మాట్లాడే తీరు

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెలికి,

మీ అన్నయ్య ఆశీర్వదించి వ్రాయునది. బాబు గంజాయి మానేసి వారమైందనీ, మునుపెన్నడూ లేనన్ని గొడవలు ఈ వారంలోనే జరిగాయనీ, నీవు కంటతడి పెట్టినా వాడికి పట్టడం లేదనీ, బావగారు మామూలుగా పిలిచినా "ఎందుకు అరుస్తారు?" అంటున్నాడనీ వ్రాశావు. మానసిక వైద్యంలో ఇన్నేళ్లు గడిపినవాడిగా చెబుతున్నాను, దీనిని పొగరుగానో, మీ మీద ప్రేమ లేకపోవడంగానో లెక్కగట్టవద్దు.

భయాన్నీ కోపాన్నీ పసిగట్టే అమిగ్డలా అనే మెదడు భాగంలోనూ, ఆ ఉద్వేగానికి పగ్గం వేసే నుదుటి వెనుక భాగంలోనూ సీబీ1 అనే గ్రాహకాలు, అంటే రసాయన సందేశాలను అందుకునే కణాల మీది అమరికలు, ఉంటాయి. మన శరీరం తానే తయారుచేసుకునే అనాండమైడ్ వంటి పదార్థాలు అవసరమైన చోట, అవసరమైనంతసేపు మాత్రమే వాటి మీద పనిచేసి, రేగిన మనసు సద్దుమణగడానికి తోడ్పడతాయి. గంజాయిలో మత్తునిచ్చే పదార్థమైన టీహెచ్‌సీ అలా కాదు, ఎక్కడపడితే అక్కడ గంటల తరబడి వాటిని పట్టుకుని ఉంటుంది. నెలల తరబడి రోజూ ఇదే జరిగితే మెదడు ఆ గ్రాహకాలను తగ్గించుకుంటుంది. అందువల్ల మానేసిన కొత్తలో గంజాయి మత్తూ ఉండదు, సొంత ఏర్పాటూ ఇంకా కోలుకుని ఉండదు. చిరాకు, నిద్ర పట్టకపోవడం, పీడకలలు, అన్నం సహించకపోవడం మొదటి వారంలో ముదిరి, సాధారణంగా రెండు మూడు వారాల్లో తగ్గుతాయి. గ్రాహకాలు రెండు రోజుల్లోనే తిరిగి పెరగడం మొదలుపెట్టి, దాదాపు నాలుగు వారాలకు మామూలు స్థాయికి చేరువవుతాయని స్కానింగ్ పరిశోధనల్లో తేలింది.

ఇక నీ కన్నీటి సంగతి. అమెరికాలోని కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయం వారి అధ్యయనం ఒకటి 2016లో వెలువడింది. గంజాయి వాడేవారికి ముఖాల బొమ్మలు చూపించి మెదడు తరంగాలను కొలిస్తే, కోపంగా ఉన్న ముఖాలకు ఎక్కువగానూ, సంతోషంగా ఉన్న ముఖాలకు తక్కువగానూ స్పందన కనిపించింది. భావం ఏమిటో గమనించమని సూటిగా అడిగితే ఇతరులతో సమానంగానే చెప్పారు గాని, ఆ ముఖం ఆడవారిదా మగవారిదా అని చూడమని, ఆ తరువాత భావం అడిగితే బాగా వెనుకబడ్డారు. దీనికంతటికీ గంజాయే మూలమని ఆ అధ్యయనం నిరూపించలేదు. ముందునుంచీ మనసు బాగోలేనివారు దానివైపు మళ్లడమూ ఉంది. అయినా ఇందులో మన ఇంటికి పనికొచ్చే సంగతి ఉంది.

ముఖం చూసి గ్రహిస్తాడని ఎదురుచూడకుండా, "నాకు బాధగా ఉంది, నీ మీద కోపం లేదు" అని మాటల్లో చెప్పు. బావగారిని ఎదురుగా నిలబడకుండా పక్కన కూర్చుని, ఒక్కసారి ఒక్క విషయమే, గొంతు తగ్గించి మాట్లాడమను. కాలేజీ బ్యాక్‌లాగ్‌లు, చేసిన అప్పులు, పరువు, ఇవన్నీ నెల తరువాత ఎత్తవచ్చు. మేనమామగా నాకూ నాలుగు మాటలు అనాలనే ఉంది, ఆగుతున్నాను. వాడు విసురుగా లేచి వెళ్లిపోతే వెంటపడకండి, రోజూ కళ్లలోకి చూసి "మళ్లీ తాగావా?" అని అడగడం కూడా మానండి. నిద్ర కోసం మందుల షాపులో బిళ్లలు కొనివ్వవద్దు, గంజాయి బదులు మద్యం నయమనే ఊరి సలహా అసలే వినవద్దు.

ఎవరో తనను వెంబడిస్తున్నారన్నా, లేని గొంతులు వినిపిస్తున్నాయన్నా, చచ్చిపోతానన్నా, నా ఉత్తరం కోసం చూడకుండా అదే రోజు మానసిక వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416, మత్తు విముక్తి కేంద్ర హెల్ప్‌లైన్ 14446 ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి. ఆసుపత్రికి వెళితే కేసు పెడతారని బావగారు భయపడుతున్నారట. వాడకానికీ, కొద్ది మొత్తానికీ సంబంధించినంతవరకు, తనంతట తానే చికిత్సకు వచ్చినవారికి 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. అయితే చికిత్స మధ్యలో వదిలేయకూడదు.

నెల గడిచాక కూడా వాడు ఇలాగే ముడుచుకుని ఉంటే, గంజాయికి ముందే కుంగుబాటు ఉందేమో చూడాలి. అప్పుడు వాడిని నా దగ్గరకు పంపు. బావగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
మీ అన్నయ్య