ఆట పుస్తకాలకు 600 డాలర్లు: ఏది ముందు, ఏది తర్వాత?

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాను. ఆరుగురం కలిసి శనివారాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ, తలా ఒక పాత్రగా కథ నడిపే ఆట) మొదలుపెడుతున్నాం. ఆట నడిపేది నేనే. మూడు ముఖ్య పుస్తకాలు, అనుబంధ పుస్తకాలు, బల్ల మీద పాత్రలకు బదులు పెట్టే చిన్న బొమ్మలు కలిపి 600 డాలర్లు తేలింది. కార్డు మీద కొని నెలకు 25 కట్టుకోవచ్చా?

జవాబు: వద్దండీ. కార్డు వడ్డీ ఏడాదికి 24 శాతం అనుకుంటే, నెలకు 25 చొప్పున ఆ బాకీ తీరేసరికి 33 నెలలు పడుతుంది. వడ్డీయే 220 దాటుతుంది. ఆ డబ్బుకు మరో నాలుగు పుస్తకాలు వస్తాయి.

మొదటి నెల పుస్తకాలకు పైసా పెట్టకండి. ఆట మూల నియమాలతో 2025లో వచ్చిన ఎస్ఆర్‌డీ 5.2 అనే నియమావళిని ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. క్లాసులు (యోధుడు, మాంత్రికుడు లాంటి పాత్ర రకాలు), మంత్రాలు, మాయా వస్తువులు, 300కు పైగా రాక్షసులు అందులోనే ఉన్నాయి. లోటల్లా ఒక్కటే, ఒక్కో క్లాసుకు ఒక్క సబ్‌క్లాసే (ఆ పాత్ర రకంలో ఉపశాఖ) ఇచ్చారు. సబ్‌క్లాస్ ఎంచుకునేది మూడో లెవెల్‌లో కాబట్టి అప్పటిదాకా ఆ లోటు తెలియదు. ఏడు పాచికల సెట్టు మాత్రం మనిషికొకటి కావాలి.

నాలుగు శనివారాలు ఆట ఆగకుండా సాగితే ఆటగాళ్ల నియమాలున్న 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ఒక్క ప్రతి కొనండి. ధర 49.99, డాలస్ 8.25 శాతం పన్నుతో 54.11. ఐదుగురికి ఒకే పుస్తకమైతే లెవెల్ పెరిగిన రోజు అందరూ దానికోసమే చేతులు చాస్తారు. అందుకే మంత్రాలు వాడేవాళ్లు తమ మంత్రాలను ఉచిత నియమావళి నుంచి ముందే రాసి తెచ్చుకోవాలి. తర్వాత రాక్షసుల వివరాలుండే మాన్‌స్టర్ మాన్యువల్. ఆట నడిపేవాళ్ల కోసం రాసిన డంజన్ మాస్టర్స్ గైడ్ చివరకే. సొంత కథ అల్లడం మొదలుపెట్టినప్పుడే దానితో అసలు పని పడుతుంది.

అనుబంధాల దగ్గరే డబ్బు ఎక్కువ జారుతుంది. 2020 నాటి టాషాస్ కాల్డ్రన్ అనే అనుబంధంలో జనం మెచ్చిన సబ్‌క్లాసులు కొన్ని (సైకిక్ యోధుడు, నక్షత్రాల డ్రూయిడ్ వంటివి) 2024 హ్యాండ్‌బుక్‌లోకి వచ్చేశాయి. రెండూ కొంటే ఆ మేరకు ఒకే సరుకుకు రెండుసార్లు కట్టినట్టే. మీ ఆటగాడు ఫలానా సబ్‌క్లాసే కావాలని అడిగి, అది హ్యాండ్‌బుక్‌లో లేనప్పుడు మాత్రమే అనుబంధం వైపు చూడండి.

హాఫ్ ప్రైస్ బుక్స్ లాంటి పాత పుస్తకాల షాపులో 2014 హ్యాండ్‌బుక్ చవగ్గా కనబడితే ఆశపడకండి. అందులో క్లెరిక్ (పూజారి పాత్ర) మొదటి లెవెల్‌లోనే సబ్‌క్లాస్ ఎంచుకుంటాడు, కొత్తదానిలో అన్ని క్లాసులకూ మూడో లెవెలే. పాతదానిలో సామర్థ్యాల పెంపు పాత్ర జాతిని బట్టి వస్తుంది, కొత్తదానిలో నేపథ్యాన్ని బట్టి. ఒకే బల్ల మీద ఇద్దరి దగ్గర రెండు రకాల పుస్తకాలుంటే ప్రతి వారం ఒక గొడవ తప్పదు. పాత సాహస కథలు మాత్రం నిక్షేపంగా కొనుక్కోవచ్చు, రాక్షసుల అంకెలు కొత్త పుస్తకం నుంచి తీసుకుంటే సరిపోతుంది.

బొమ్మలు ఇప్పుడే వద్దు. అంగుళం గళ్ల కాగితం, నాణేలు చాలు. ఒక గడి అంటే ఐదు అడుగులు.

ఆరుగురూ మనిషికి నెలకు 10 డాలర్లు వేసుకుంటే మూడు నెలల్లో 180. మూడు ముఖ్య పుస్తకాలకు పన్నుతో అయ్యేది 162.34. ఎవరైనా ఉద్యోగం మారి ఊరు వదిలితే పుస్తకాలు ఎవరి దగ్గర ఉండాలో, వాళ్ల వాటా తిరిగివ్వాలో లేదో మొదటి 10 డాలర్లు వసూలు చేసే రోజే వాట్సాప్ గ్రూపులో రాసి పెట్టండి.